గిటారు పగలగొట్టే ఆయన

ఆయన పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నాను. నేను పాటలు పాడే ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించే అతను చేశాడు. "మ్మే, మన గిటారాయన పోయినాడు. నిన్న పట్టుగూళ్ల మార్కెట్లోనే గుండె పట్టేసిందంట. మధ్యాహ్నం ఎత్తుతారు, పెనుకొండలో" అన్నాడు. అయ్యో అన్నాను. ఏడుపు మాత్రం రాలేదు. ముందు నాకు గుర్తొచ్చింది ఆయన కాదు, ఆయన గిటారు.

మనిషి పోయాడంటే వస్తువు గుర్తుకు రావడమేమిటని ఎవరైనా అనుకోవచ్చు. కానీ ఆ వస్తువు సంగతి ఆయన నాకు అప్పజెప్పి ఉన్నాడు. "నేను పోయినంక దాన్ని నువ్వు తీసుకుపో పాపా. వాయించేవాడు దొరికితే ఇయ్యి. దొరక్కపోతే గోడకు తగిలించి పెట్టుకో. పగలకూడదు, అంతే" అని చెప్పాడు. ఎత్తేలోపల పెనుకొండ చేరాలి. మగ్గం మా ఆయనకు వదిలేసి, కట్టుకున్న చీరతోనే ధర్మవరం స్టేషనుకు పరుగెత్తాను.

హిందూపురం చుట్టుపక్కల ఎవరైనా ఈ మాట వింటే నవ్వుతారు. పగలకూడదని చెప్పింది ఎవరు? గిటార్లు పగలగొట్టి పేరు తెచ్చుకున్న మనిషి. ఆయన అసలు పేరు పెళ్లిపత్రికల్లో గానీ, ఫ్లెక్సీల్లో గానీ ఎప్పుడూ పడలేదు. 'గిటారు పగలగొట్టే ఆయన వస్తాండాడంట' అంటే చాలు, ఫంక్షన్ హాలు నిండిపోయేది. ఆయన పేరు నేనూ ఇక్కడ రాయను. రాసినా ఎవరికీ తెలియదు.

చూడ్డానికి గిటారు మనిషిలా ఉండేవాడు కాదు. కొబ్బరినూనె పెట్టి పక్కపాపిట తీసిన తల, మెడదాకా బొత్తాములు పెట్టిన నిండు చేతుల చొక్కా, జేబులో దువ్వెన. బ్యాంకులో చలాన్లు అందించే మనిషనుకుంటారు. పగలు హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్లు చూసే పని. రైతు తెచ్చిన గూళ్లలోంచి ఒకటి తీసి చెవి దగ్గర ఆడించి, లోపలి పురుగు కదిలే చప్పుడు విని, "పండింది" అనో, "ఇంగా పచ్చిది" అనో చెప్పేవాడు. ఆ అలవాటు ఆయనకు అన్నిటి మీదా ఉండేది. కనబడిన చెక్కనల్లా వేలితో కొట్టి చెవి పెట్టేవాడు. పెళ్లివాళ్లు వేసిన బల్ల, రైల్లో సీటు, మా ఇంటి మగ్గం పలక, ఏదీ వదల్లేదు. మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు మా అత్త, "ఏమప్పా, తలుపు తీసే ఉండాదే, ఎందుకు కొడతాండావు?" అని అడిగింది. "తలుపు బాగ పలుకుతాదమ్మా" అన్నాడు. ఆ రోజు నుంచి మా అత్త ఆయన్ని పిచ్చోడి కింద జమ కట్టింది.

మొదటిసారి గిటారు పగిలింది పొరపాటున. అప్పటికి మా ఆర్కెస్ట్రాకు కొత్తగా వచ్చాడు. హిందూపురం నుంచి మడకశిర పోయే దారిలో ఒక పెళ్లి రిసెప్షన్. ఆఖరి పాట వాయిస్తూ ముందుకు వంగాడు, మెడకున్న పట్టీ తెగింది, ఆర్కెస్ట్రా వాళ్ల గిటారు స్టేజి మీద నుంచి కింద బండ మీద పడి రెండు ముక్కలైంది. మా ఓనరు ముఖం మాడిపోయింది. అప్పుడు ముందు వరుసలో కూర్చున్న పెళ్లికూతురి అవ్వ, ఆమడగూరు నుంచి వచ్చిన ముసలామె, లేచి నిలబడి గట్టిగా అంది: "పోనీలేప్పా! పిల్లోళ్లకు తగిలిన దిష్టంతా దాంతోనే పోయింది." అనడమే కాదు, ఒక ముక్క తీసుకుని పెళ్లికొడుక్కీ పెళ్లికూతురికీ దిగదుడిచి బయట పారేయించింది. జనం చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు.

అంతే. తర్వాతి నెలలో ఆ అవ్వ బంధువుల పెళ్లి. "ఆ పొద్దు పగలగొట్టిరే, అట్ల మాకూ పగలగొట్టాల" అన్నారు. తర్వాత వాళ్ల బంధువులు, వాళ్ల వియ్యంకులు. చూస్తూ చూస్తూ ఉండగానే గుమ్మడికాయ పక్కన గిటారు కూడా చేరింది. టౌనులో పిల్లలకు అది సినిమా స్టంటు, పల్లెల్లో ఆడవాళ్లకు దిష్టి తీయడం. ఇద్దరికీ కావలసింది మాత్రం ఒక్కటే, పగలాలి. మా ఓనరు ఫ్లెక్సీ మీద మంటల్లో ఉన్న గిటారు బొమ్మ వేయించాడు.

ఆయనకంటూ సొంత గిటారు ఒకటి ఉంది. చిన్న వయసులో బెంగుళూరు హోటల్లో పని చేసేటప్పుడు, పక్క చర్చిలో వాయించే ముసలాయన దగ్గర నేర్చుకుని, ఆయన పాతదే కొనుక్కున్నాడు. తేనె రంగు చెక్క. బొటనవేలు ఆనే చోట రంగు పోయి తెల్లబడి ఉండేది. దాన్ని 'అది' అనేవాడు కాదు, 'ఆయమ్మ' అనేవాడు. నేను మా మగ్గం మీద మిగిలిన పట్టుగుడ్డ ముక్క ఇస్తే, దాంతో తప్ప మరో గుడ్డతో తుడవలేదు. ఆయన భార్య, నేను వదినా అని పిలిచే ఆమె, ఒకసారి నాతో అంది: "నా మొగం ఎట్ల ఉండాదో ఆయప్పకు తెలీదు గానీ, దాని మీద గీత పడితే నిద్రబోడు." ఆ మాట ఆయనకు చేరవేస్తే నవ్వాడు. "మీ వదిన తిట్టిందంటే అలగొచ్చు పాపా. ఈయమ్మ తిట్టదే, తప్పు వాయిస్తే తప్పే పలుకుతాది" అన్నాడు.

పగలగొట్టడానికి వేరేవి తయారు చేసుకునేవాడు. బెంగుళూరు పాతసామాన్ల అంగళ్లలో విరిగిన గిటార్లు కొనుక్కొచ్చి, జిగురుతో అతికించి, మెడ మొదట్లో వెనక వైపు రంపంతో సగానికి పైగా కోసి, ఆ కోత కనబడకుండా నల్ల రంగు పూసేవాడు. ఒక్క దెబ్బకు పగిలిపోవాలి. రెండో దెబ్బ పడిందంటే జనం నవ్వుతారని ఆయన భయం. వాటికి ఆయన పెట్టిన పేరు 'పొట్టేలు'. స్టేజి ఎక్కబోయే ముందు పొట్టేలికి కుంకుమ బొట్టు పెట్టి, తాకి కళ్లకద్దుకునేవాడు. "నువ్వు మళ్లా జాతర పెట్టినావే" అని నేను ఎగతాళి చేస్తే, "ఊరకే సావదు కదా పాపా, మనకోసమే గదా" అనేవాడు. హాస్యానికి అన్నాడో, నిజంగా అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈ తతంగంలో నాకూ ఒక పని ఉండేది. ఆఖరి పాటకు పొగ వదులుతారు. డ్రమ్స్ అతను ఎడాపెడా వాయిస్తాడు. ఆ పొగలో నేను పాడుతూనే పక్క నుంచి వెళ్లి, ఆయన చేతిలోంచి ఆయమ్మను తీసుకుని, పొట్టేలును అందించాలి. పొగ తేలిపోయేసరికి ఆయన గాల్లోకి ఎగిరి, దబ్బున ఒక్క దెబ్బ. ముక్కల కోసం జనం మీద పడేవాళ్లు. తీగ ముక్క దొరికితే తలుపుకు కట్టుకునేవాళ్లు ఉన్నారు. ఆ కేకల మధ్యలోంచి ఆయన చెమటతో తెర వెనక్కొచ్చి అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే. "ఆయమ్మ బాగుండాదా?"

ఆయన ఎంతో బాగా వాయించేవాడు. నాకు సంగీతం ఎవరూ నేర్పలేదు, విని పాడడమే. కానీ నేను శ్రుతి తప్పబోతే ఆయన ముందే పసిగట్టి, కింద నుంచి మెల్లగా ఎత్తి పట్టుకునేవాడు. హాల్లో ఎవరికి తెలుస్తుంది అది? "వాయించేటప్పుడు కూటికి పోతారు, పగలగొట్టేటప్పుడు చెయ్యి కడగకుండా పరిగెత్తుకొస్తారు" అనేవాడు. కోపంగా కాదు. వాన గురించి, ఎండ గురించి మాట్లాడినట్టు అనేవాడు. నాకే కోపం వచ్చేది. ఒక్క పాట, ఒకే ఒక్క పాట మొత్తం ఆయన్ని వాయించనిచ్చి, నోరు మూసుకుని వినడానికి వీళ్లకేం రోగం అని తిట్టుకునేదాన్ని.

ఒకసారి విన్నారు. హిందూపురంలో ప్రోగ్రామ్. నేను ధర్మవరంలో, ఆయన పెనుకొండలో ప్యాసింజరు ఎక్కాం. దారిలో ఏదో చిన్న స్టేషన్లో క్రాసింగ్ కోసం బండిని ఆపేశారు. ఎండ మండిపోతోంది. బయట కంపచెట్లు తప్ప ఏమీ లేవు. ఎందుకు తోచిందో, సంచిలోంచి ఆయమ్మను తీసి ఒళ్లో పెట్టుకుని వాయించడం మొదలుపెట్టాడు. సినిమా పాట కాదు, చర్చి ముసలాయన నేర్పిందేదో. పూలగంప ఆమె మాల కట్టడం ఆపేసింది. ఏడుస్తున్న చంటిది ఏడుపు మాని నోరు తెరుచుకుని చూసింది. అయిపోయాక చప్పట్లేమీ లేవు. పట్టుగూళ్ల మూటలతో నల్లచెరువు నుంచి వచ్చిన రైతు ఒకాయన మాత్రం, "ఇంగొంచెం కొట్టప్పా, బండి కదిల్లేదు గదా" అన్నాడు.

మా గిటారాయన ముఖం ఆ క్షణంలో ఎలా వెలిగిందో నేను చెప్పలేను. మళ్లీ తీగల మీద చెయ్యి వేశాడు. ఇంతలో తలుపు దగ్గర నిలబడ్డ కుర్రాడు దగ్గరికొచ్చి తేరిపార చూశాడు. "అన్నా, నువ్వు గిటారు పగలగొట్టేటాయన కదా? ఈ పొద్దు యాడ? ఈడనే పగలగొడతాండావా?" అంటూ ఫోను తీశాడు. పెట్టెలో అందరూ ఫోన్లు తీశారు. ఆయన ఒక నవ్వు నవ్వి, ఆయమ్మను సంచిలో పెట్టేశాడు. ఆ తర్వాత ఎన్నోసార్లు ఆ రైతు మాటే చెప్పేవాడు. "ఇంగొంచెం కొట్టు అన్నాడు చూడు పాపా." ఆ కుర్రాడి మాట ఎప్పుడూ ఎత్తలేదు.

ఆయన్ని ముంచిందీ ఫోనే. ధర్మవరంలో ఒక పెళ్లిలో ఎవడో స్టేజి పక్క నుంచి వీడియో తీశాడు. పొగలో నేను పొట్టేలును అందించడం, ఆయమ్మను తీసుకోవడం అందులో చక్కగా కనబడ్డాయి. నా గాజులు కూడా కనబడ్డాయి. కింద 'డమ్మీ గిటారు మోసం' అని రాసి వదిలాడు. ఆ వారంలో అనంతపురం దాకా అందరి ఫోన్లలోనూ అదే.

టౌను పిల్లలు నవ్వుకుని వదిలేసేవాళ్లేమో. దిష్టి నమ్మినవాళ్లు వదల్లేదు. ఒకాయన పెనుకొండలో ఆయన ఇంటికే వచ్చాడు. రెండేళ్ల కిందట అతని కూతురి పెళ్లిలో మేము వాయించాం. వచ్చినాయన అరవలేదు. అరిచినా బాగుండేది. అరుగు మీద కూర్చుని, "మా పాప కాపురం సరిగ్గ లేదప్పా. పుట్టింట్లోనే ఉండాది. అన్నీ సక్రమంగ చేస్తిమే, యాడ తప్పు జరిగెనో అనుకుంటాంటిమి. నువ్వు డమ్మీ పగలగొట్టినావంట గదా" అన్నాడు. మా గిటారాయన ఏం చెబుతాడు? అది దిష్టి కాదు, నా చేతిలో ఏమీ లేదు అనవచ్చు. అన్నేళ్లూ ఊరకున్నవాడు ఇప్పుడు అంటే ఎవరు వింటారు? "తప్పైంది" అని చేతులు జోడించాడు. ఈ సంగతంతా తర్వాత నాకు చెబుతూ ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

ఆ తర్వాత హిందూపురంలో ఒక రిసెప్షన్. అదే ఆయన చివరి ప్రోగ్రామ్. పాటలు సగంలో ఉండగానే వెనక నుంచి "అసలుది! అసలుది!" అని కేకలు. పెళ్లికొడుకు నాయన స్టేజి ఎక్కి మైకు లాక్కున్నాడు. "దుడ్లు ఇచ్చింది అసలుదానికి. నీ చేతిలో ఉండేదే పగలగొట్టు" అన్నాడు. మా ఓనరు పక్క నుంచి, "కొట్టెయ్యప్పా, కొత్తది నేను కొనిస్తా" అని సైగలు. ఆయన ఆయమ్మను మెడ పట్టుకుని పైకెత్తాడు. హాలు ఊగిపోయింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచి చూసేసరికి దాన్ని మెల్లగా దించి, పట్టుగుడ్డతో తుడిచి, సంచిలో పెట్టుకుంటున్నాడు. మెట్లు దిగి, ఎంగిలాకుల పక్క నుంచి వెళ్లిపోయాడు. వెనక నుంచి వాటరు ప్యాకెట్లు విసిరారు. ఆ తర్వాత ఆర్కెస్ట్రా వాళ్లు ఆయన్ని పిలవలేదు. మార్కెట్లో గూళ్లు చెవి దగ్గర ఆడించుకుంటూ బతికాడు. ఆయమ్మను నాకు అప్పజెప్పిన మాట ఆ రోజుల్లోనే, హిందూపురం స్టేషన్లో బండి కోసం కూర్చున్నప్పుడు చెప్పింది. "శుభమా అని మాట్లాడరాదా" అని నేను కసిరాను. "సరే అను, చాలు" అన్నాడు. సరే అన్నాను.

పెనుకొండలో దిగి ఇల్లు చేరేసరికి తప్పెట్లు మోగుతున్నాయి. ఆయన్ని పూలపల్లకీలో కూర్చోబెట్టారు. పక్కపాపిట తీసి తల దువ్వారు. ఒళ్లో ఆయమ్మ, దానికీ ఒక దండ. చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది, చక్కగా ఉంది గదా అని. వదిన పక్కన కూర్చుని, కాసేపు ఏడ్చి, చెవిలో చెప్పాను. "వదినా, ఆ గిటారు నన్ను తీసుకుపొమ్మన్నాడు." వదిన నా చెయ్యి పట్టుకుంది. "వాడు ఏందో అనుకోనుండాడు. వాణ్ణే అడుగు" అంది.

వాడంటే ఆయన కొడుకు. బెంగుళూరులో ఉద్యోగం. ఆ వీడియో వచ్చినప్పుడు కాలేజీలో ఉన్నాడు. పక్కకు పిలిచి చెప్పాను.

"మీ నాయన నాతో మాట తీసుకోనుండాడప్పా. దాన్ని పగలగొట్టొద్దని."

"తెలుసత్తా. నాతోనూ అన్నాడు" అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "కాలేజీలో నన్ను ఏమని పిలిచినారో తెలుసునా నీకు? డమ్మీ కొడుకు. మూడేండ్లు నాకు అదే పేరు. నాయన మార్కెట్లో నడుస్తాంటే వెనక నుంచి ఈల కొట్టి డమ్మీ డమ్మీ అనేటోళ్లు. ఆయప్ప తల వంచుకోని పోయేటోడు. ఈ పొద్దు ఊరంతా వచ్చుండాది. అందరి ముందర అసలుదే పగలగొడతా. ఇంగెవురూ మా నాయన్ను దొంగ అనకూడదు."

"పగలగొట్టనందుకే మీ నాయన మంచోడప్పా" అన్నాను.

"అది నీకూ నాకూ తెలుసత్తా. వాళ్లకు తెల్లేదు గదా."

తండ్రి మీద ప్రేమ లేనివాడైతే కాళ్లు పట్టుకుని అయినా ఆపేదాన్ని. ప్రేమతో చేస్తున్నవాణ్ణి ఏమని ఆపను? డ్రమ్స్ అతన్ని చూశాను, తల తిప్పుకున్నాడు. అంతలో పల్లకీ లేచింది.

శ్మశానంలో తవ్విన గుంత దగ్గర దించారు. కొడుకు తండ్రి ఒళ్లోంచి ఆయమ్మను తీశాడు, దండ తీసి తండ్రి మెడలో వేశాడు. "ఇది అసలుది! చూసుకోండి!" అని అరిచాడు. ఫోన్లు లేచాయి. తప్పెట్లు ఆగాయి. పక్కనున్న బండ మీద బలమంతా పెట్టి కొట్టాడు.

పగల్లేదు. పగిలేలా దాన్ని ఎవరూ కోసి పెట్టలేదు కదా. తీగలన్నీ ఒక్కసారిగా ఖంగుమన్నాయి, ఆ మోత అక్కడున్న అందరికీ వినబడింది. మళ్లీ కొట్టాడు, మళ్లీ మోగింది. అంచు చిట్లింది. ఇంకా కొట్టాడు. ఎవరో "అసలుదే రా, అసలుదే!" అన్నారు, ఈలలు పడ్డాయి. నేను వద్దు వద్దని అరుస్తూనే ఉన్నాను. స్టేజి మీద మైకులో అరిచి అలవాటైన గొంతు నాది, పక్కామెకు కూడా వినబడలేదు. చివరికి పొట్ట పగిలి మెడ ఊడింది. వాడు రొప్పుతూ ముక్కలన్నీ ఏరి, తండ్రి పక్కన గుంతలో పెట్టాడు. ఒక్క ముక్క కూడా ఎవరినీ తీసుకోనివ్వలేదు.

మట్టి వేసి అందరూ వెనక్కి తిరిగాక నా దగ్గరికొచ్చాడు. అరచేయి తెగి రక్తం కారుతోంది. కొంగు చింపి కట్టాను. చంటిపిల్లాడిలా నిలబడి కట్టించుకున్నాడు.

"అత్తా, శానా దెబ్బలు పడినాయి. నాయన మాదిరి రాలేదు నాకు. బాగ పగిలిందా?" అని అడిగాడు.

"బాగనే పగిలిందప్పా" అన్నాను.